రాలిపోతున్న ‘అట’

తెలుగులో ‘అట’ అని రెండక్షరాల మాట ఒకటుంది. "పక్కింటాయన కొత్త కారు కొన్నాడట" అంటే, నేను చూడలేదు, ఎవరో అన్నారు, పూచీ నాది కాదు అని. ఇదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఇంకో వాక్యం కావాలి. సైన్స్ వార్తలకు ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు. మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో అన్నిటికన్నా ముందు రాలిపోయేదీ అదే.

వరస మీకు తెలిసిందే. మనం ఇక్కడ డల్లాస్‌లో నిద్రకళ్లతో ఫోన్ తెరిచేసరికి, అక్కడ బాబాయిగారు సాయంత్రం నడక ముగించుకుని "చాక్లెట్ తింటే బరువు తగ్గుతారట" అని పెట్టి ఉంటారు. పిన్నిగారు ఇంకో గ్రూపుకు పంపేటప్పటికి అది "తగ్గుతారు" అవుతుంది. మూడో గ్రూపు చేరేసరికి "తగ్గాలంటే తినాల్సిందే".

ఈ చాక్లెట్ వార్త నేను కల్పించింది కాదు. 2015లో జర్మనీ పత్రిక బిల్డ్ మొదలుకుని చాలా దేశాల్లో అచ్చయింది. ప్రయోగం కూడా నిజంగానే జరిగింది. జాన్ బోహానన్ అనే జర్నలిస్టు, జర్మన్ టీవీ డాక్యుమెంటరీ వాళ్లతో కలిసి, ఇలాంటి వార్తలు ఎంత తేలిగ్గా అచ్చయిపోతాయో చూపించడానికే చేశాడు. వెబ్‌సైట్ తప్ప ఇంకేమీ లేని ఒక సంస్థ పేరు తగిలించుకున్నాడు. మనుషులు చూస్తే 15 మంది. కొందరికి తక్కువ పిండిపదార్థాల భోజనం, కొందరికి దాంతోపాటు రోజూ డార్క్ చాక్లెట్, మిగతావాళ్లు మామూలుగా. మూడు వారాలు.

కిటుకు అంతా కొలతల్లో ఉంది. బరువు, కొలెస్ట్రాల్, సోడియం, నిద్ర, ఇలా 18 కొలిచారు. ఒక్కో కొలతలో కేవలం అదృష్టం కొద్దీ ‘ఫలితం’ కనపడే అవకాశం నూటికి 5 అనుకుందాం. 18 లాటరీ టికెట్లు కొంటే ఒక్కటైనా తగిలే అవకాశం దాదాపు నూటికి 60. ఆయనకు బరువు తగిలింది. ఇంకేదైనా తగిలి ఉంటే "చాక్లెట్ తింటే నిద్ర బాగా పడుతుంది" అని చదువుకునేవాళ్లం. చివరికి ఆయనే బయటపెట్టాడు. ఎంతమంది మీద చేశారు అని అడిగిన విలేకరి దాదాపు లేడట!

అన్నీ ఇలా బూటకాలే అనడం లేదు. గుడ్డు సంగతి చూడండి. ఆహారంలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్కను అమెరికా ప్రభుత్వం 2015–2020 ఆహార మార్గదర్శకాల్లో తీసేసింది. నిజమే. వీలైనంత తక్కువ తినమన్న సలహాను మాత్రం అలాగే ఉంచింది. హెడ్డింగులో ఆ రెండో ముక్కకు చోటు చాల్లేదు.

పసుపు దగ్గరికొస్తే మనకు పౌరుషం కూడా కలుస్తుంది. కలవాల్సిందే మరి. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, మన సీఎస్ఐఆర్ పాత పుస్తకాలు చూపించి 1997లో రద్దు చేయించింది. అయితే ఆ గర్వంతోనే పసుపు క్యాప్సూళ్ల డబ్బాలు కొని ఊరికి పార్సెల్ చేస్తున్నాం. పప్పులో చిటికెడు వేరు, రక్తంలోకి బాగా ఎక్కాలని మిరియాల సారం కలిపిన క్యాప్సూల్ వేరు. పసుపు సప్లిమెంట్లు వాడి కాలేయం దెబ్బతిన్న 10 మంది కేసులను అమెరికా డాక్టర్లు ఒక వైద్య పత్రికలో వివరంగా రాశారు. అందులో ఒకరు చనిపోయారు. పసుపు చెడ్డదని కాదు. "మనదే కదా, ఏం చేస్తుంది" అన్న ధీమాయే నన్ను భయపెడుతుంది.

నవ్వు ఆగేది ఇక్కడే. ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లు ఆర్నెల్ల మందులు సూట్‌కేసులో తెచ్చుకుంటారు. ఇక్కడ ఎమర్జెన్సీకి వెళితే బిల్లు సంగతి చెప్పక్కర్లేదు. మొన్న మా అత్తగారు వారం రోజులు షుగర్ మాత్ర పక్కనపెట్టి మెంతినీళ్లు తాగారు. "మెంతులు తగ్గిస్తాయి" అన్నారు, తగ్గిస్తాయట అనలేదు. వాదిస్తే ఆవిడ గెలుస్తారు, ఆ మెసేజ్ పంపింది సొంత తమ్ముడు! అందుకని రోజూ పొద్దున్నే గ్లూకోమీటర్ ముందు పెట్టాం. నాలుగో రోజుకు మాత్ర డబ్బా దానంతటదే డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. మెంతినీళ్లూ ఉన్నాయి, ఎవరం కాదనలేదు.

పిల్లలేమో తాతల ఫార్వర్డులు చూసి పకపకా నవ్వుతారు. మా పెద్దవాడు మాత్రం ముప్పై సెకన్ల రీల్ ఒకటి చూసి, రాత్రిళ్లు నోటికి టేపు అంటించుకుని పడుకోవడం మొదలెట్టాడు. ఇదేం పనిరా అంటే, "అమ్మా, దీంతో నిద్ర సూపర్‌గా పడుతుంది" అన్నాడు.

"పడుతుందట" అని వాళ్ల నానమ్మ వంటింట్లోంచి సరిదిద్దారు.