వాన లెక్క, ఓటు లెక్క

తొలకరి ఆలస్యమైతే రచ్చబండ మీద మొదట తిట్లు పడేది వరుణుడికి కాదు, ప్రభుత్వానికి. వేసిన విత్తనం మట్టిలోనే మాడిపోయిన రైతుకు ఏ మంత్రి మాటా రుచించదు. నాలుగు వానలు పడి చెరువు నిండితే అదే రైతు "ఏదోలే, బాగానే నడుస్తోంది" అంటాడు. ఇందుకు రైతును ఆక్షేపించవలసినదేమీ లేదు. కడుపు మండుతున్నప్పుడు ఎవరి అభిప్రాయమూ చల్లగా ఉండదు.

2002లో దేశం మొత్తం మీద నైరుతి వానలు మామూలు కన్నా 19 శాతం తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో బోర్లు ఎండిపోయాయి. కరెంటు బిల్లులు మాత్రం ఆగలేదు. మరుసటి వేసవిలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మండుటెండలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. 2004 ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 294 స్థానాలలో దక్కినవి 47. ఇదంతా కరవు చేసిన పనే అనడం తొందరపాటవుతుంది. పొత్తులున్నాయి, తెలంగాణ వాదం ఉంది. అయినా కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీదనే పడింది. రైతు కోపం ఎక్కడ పుట్టిందో నాయకులకు తెలియక కాదు.

వాన బాగా పడిన ఏడు మా నాయకుడి పాదం మంచిదని చెప్పుకోవడం కార్యకర్తలకు అలవాటు. వాన వారిదైతే కరవు ఎవరిదో ఏ పార్టీ చెప్పదు.

మన రాష్ట్రాల ఎన్నికల ఫలితాలను వర్షపాతంతో, ప్రభుత్వ సహాయంతో సరిపోల్చిన ముగ్గురు పరిశోధకుల అధ్యయనం 2012లో వెలువడింది. వాతావరణం వికటిస్తే అధికార పక్షానికి ఓట్లు తగ్గుతాయని, సహాయం చురుగ్గా అందించినచోట ఆ కోపం కొంత తగ్గుతుందని వారు గమనించారు. అంతవరకు బాగానే ఉంది. కలవరపరిచేది తరువాతి సంగతి. ఓటర్లు ఎన్నికలకు ముందు ఏడాది వానను, సహాయాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటున్నట్టు కనిపించింది. ప్రభుత్వాలు కూడా ఎన్నికల ఏడాదిలోనే చేయి కాస్త విప్పుతున్నాయి.

అంటే పాలన రెండో ఏట కరవు వచ్చిన పల్లెకు, ఐదో ఏట వచ్చిన పల్లెకు అందే ఆదరణ ఒకటి కాదు. ఎండిన చేను రెండుచోట్లా ఒకటే, అప్పు రెండుచోట్లా ఒకటే.

పంట నష్టం జాబితాలో ఎవరి పేర్లు ఎక్కాయి, పైకం ఏ నెలలో చేతికందింది, తెగిన చెరువు కట్టకు మట్టి ఎప్పుడు పోశారు? ఇవి రాసి ఉంచుకోవడానికి పంచాయతీ రికార్డే అక్కరలేదు. పిల్లవాడి నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు. ఓట్లకు వచ్చినవారి ముందు ఆ పేజీ తెరవవచ్చు, ఆ ఏడు వాన పడినా, పడకపోయినా.