యాడి అన్నా అమ్మే గదా!

మా స్టేషన్ ఘనపూర్ల రైలు దిగి బజారుకు పోతే చెవుల మూడు భాషలు పడ్తయ్. కూరగాయలకాడ తెలుగు, మెకానిక్ దుకాణంల ఉర్దూ, తండాలకెళ్లి వచ్చిన అక్కల నోట్ల గోర్‌బోలి. ఏ బేరమూ ఆగది. కానీ తండా పిల్ల బడిల అడుగు పెడ్తే మాత్రం నోరు మూతబడ్తది.

ఓపారి మా దిక్కు ఒక బడికి పోయిన. ఒకటో తరగతి గోడమీద 'అ అంటే అమ్మ' అని బొమ్మ ఉన్నది. "ఇదెవలు బిడ్డా?" అని పంతులమ్మ అడిగితే తండా పిల్ల "యాడి" అన్నది. పోరగాళ్లందరు నవ్విన్రు. "యాడి కాదు, అమ్మ అనాలె" అన్నది పంతులమ్మ. తిట్టలే, కొట్టలే, మంచిగనే చెప్పింది. కానీ నేనున్నంతసేపు ఆ పిల్ల మళ్ల నోరిప్పలే.

గా నవ్వు మనకు ఎరుకలేందా? సినిమాలల్ల మన యాసను రౌడీలకు, జోకర్లకు పెడ్తే కడుపు మండలేదా? మన మాటకు ఇజ్జత్ కావాలని కూడా కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. ఇప్పుడు మనమే లంబాడ, కోయ పిల్లలకు గదే పని చేస్తే ఎట్ల?

అన్ని సంస్కృతులు కలిసి బతుకుడు అంటే ఒక్కో దేశంల ఒక్కో అర్థం. కెనడా 1971ల ఎవల సంస్కృతి వాళ్లు నిలుపుకోవాలని సర్కారు విధానమే పెట్టింది. ఫ్రాన్స్ 2004ల సర్కారు బడులల్ల మతం గుర్తులు కొట్టొచ్చినట్టు కనబడొద్దని చట్టం చేసింది. మన రాజ్యాంగం 350ఎ ల మైనారిటీ భాషల పిల్లలకు మొదటి సదువు తల్లిభాషల చెప్పే సౌలత్ చెయ్యాలని రాసుకున్నం. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు గదే చెయ్యమన్నది.

మరి చేస్తున్నదేంది? 2018ల తెలుగు తప్పనిసరి చేసినం. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లిష్ మీడియం పెట్టినం. రెండూ కావాల్సినయే. కానీ తండా పిల్లకు రెండూ కొత్త భాషలే. ఆమె భాషకు మాత్రం ఆగస్టు 15 నాడు అద్దాల రైక ఏసి ఆడిచ్చే డాన్స్‌లనే జాగ.

"మా పిల్లలకు ఇంగ్లిషే కావాలె" అని తండా తల్లిదండ్రులే అంటరు. అది న్యాయమే. కానీ తెలిసిన మాట మీద నిలబడితేనే తెలియని మాట అందుతది. ఇదేం కొత్త ముచ్చట కాదు. ఉమ్మడి రాష్ట్రంలనే కోయ, బంజారా అసొంటి గిరిజన భాషలను తెలుగు లిపిల రాసి చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చిన్రు. మళ్ల ఆ తొవ్వ పట్టాలె. అందాక పంతుళ్లు యాభై గోర్‌బోలి మాటలు నేర్చుకున్నా చాలు. తండా పెద్దమనిషిని పిలిచి వారానికోపారి కథ చెప్పిస్తే ఖర్చేం కాదు.

తండాల తండ్రిని బాపు అంటరు. మా ఇండ్లల్ల గూడ బాపే. ఆ సంగతి పోరగాళ్లకు ఎరుకైతే ఎవలు నవ్వుతరు? గోడమీద 'అమ్మ' పక్కపొంటి 'యాడి' అని గూడ రాయున్రి. ఆ పిల్ల గొంతిప్పుతది.