రాహుల్ అన్నా, ఆస్కార్ చూశాం.. ఇక గల్లీకి రా!

ఫ్రెండ్స్, రివ్యూకి ఏ ఇయర్‌బడ్స్ వచ్చినా నేను ముందు ప్లే చేసేది రాహుల్ సిప్లిగంజ్ పాటలే. బేస్, వోకల్స్ రెండూ ఎలా ఉన్నాయో వెంటనే తెలిసిపోతుంది.

మా ఓల్డ్ సిటీ అన్న 2009లోనే 'జోష్' సినిమాలో పాడాడు. కానీ నాలాంటోళ్లకి దగ్గరైంది మాత్రం యూట్యూబ్‌లోనే. 'మగజాతి', 'మాకికిరికిరి', 'గల్లీ కా గణేశ్'.. అన్నీ మన పక్కనోడు మాట్లాడినట్టే ఉంటాయి. తర్వాత 2019లో బిగ్ బాస్ టైటిల్, 2023లో కాలభైరవతో కలిసి ఆస్కార్ స్టేజ్ మీద 'నాటు నాటు'. ఆ పొద్దున ఫోన్‌లో చూస్తూ నేను అరిచిన అరుపుకి ఇల్లంతా లేచింది.

అయినా ఒక మాట చెప్తా. 'నాటు నాటు' ట్యూన్ కీరవాణి గారిది, మాటలు చంద్రబోస్ గారివి. సినిమా పాటలో సిచువేషన్ ఇంకొకరు ఇస్తారు. ర్యాప్‌లో అలా కాదు, నీ గల్లీ ముచ్చట నువ్వే చెప్పాలి. సినిమాలు మానేయమనట్లేదు, అవి అన్నం పెడతాయి. కానీ నా దృష్టిలో అసలు కమ్‌బ్యాక్ అంటే ఇంకో సినిమా హిట్ కాదు, అన్న సొంత ర్యాప్ ట్రాక్.

ఎందుకంటే ఆస్కార్ స్టేజ్ ఎక్కినోడే మళ్లీ మన యాసలో ర్యాప్ చేస్తే, ఫోన్‌లో బీట్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసే ఓల్డ్ సిటీ పిల్లలకి ఈ భాష దాచుకోవాల్సింది కాదని అర్థమైతది.

ఆ రోజు నా ఫోన్ ఫుల్ వాల్యూమ్‌లో ఉంటది!