చచ్చిన గొడ్డును కోయవద్దు

కొన్ని సంవత్సరాల క్రితం పశువ్యాధులను గురించిన ఒక చిన్న కరపత్రాన్ని ఆంగ్లం నుండి తెలుగు చేసే పని నాకు వచ్చింది. నిఘంటువులు ముందుంచుకొని, "ఆంత్రాక్స్ వ్యాధిచే మరణించిన పశుకళేబరమును విచ్ఛేదము చేయరాదు" అని వ్రాసి, పని బాగా కుదిరిందని సంతోషించాను. ఆ తరువాత చిత్తూరు జిల్లా పల్లె ఒకదానిలో, గొర్రెలు మేపుకునే ఒక వృద్ధునికి దానిని చదివి వినిపించే సందర్భం కలిగింది. ఆయన ఓపికగా విని, "ఈ జబ్బు మా పక్క లేదు సామీ" అన్నాడు.

నేను లక్షణాలు చెప్పాను. మేస్తూ మేస్తూ పశువు ఉన్నట్టుండి కూలిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది. ముక్కు, నోరు, మలద్వారాల నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంది. ఆయన ముఖకవళికలు మారిపోయాయి. "ఇది దొమ్మ గదా! ఆ మాట రాసుంటే మా పిలకాయలకు గూడా తెలిసేది."

వ్యాధికి ఊరిలో పేరు ఉన్నది. నేనే ఊరిని అడగలేదు.

ఈ దొమ్మ రోగానికి వైద్యశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం కలదు. ఒక నిర్దిష్టమైన వ్యాధికి ఒక నిర్దిష్టమైన సూక్ష్మజీవి కారణమని మొట్టమొదట నిస్సందేహంగా రుజువైనది దీని విషయంలోనే. 1876లో రాబర్ట్ కోఖ్ అనే జర్మన్ గ్రామీణ వైద్యుడు ఈ బాక్టీరియా జీవితచక్రాన్ని వివరించాడు. పశువు రక్తంలో ఇది కడ్డీ ఆకారంలో విస్తారంగా పెరుగుతుంది. ఆ రక్తం బయటపడి గాలి తగిలినప్పుడు, తన చుట్టూ గట్టి కవచం నిర్మించుకొని సిద్ధబీజంగా మారుతుంది. ఎండ, వాన, కరవు ఆ సిద్ధబీజాన్ని అంత సులభంగా చంపలేవు.

కళేబరాన్ని కోయరాదనే నియమానికి మూలం ఇక్కడ ఉన్నది. కోయకుండా వదిలిన కళేబరం కుళ్లేటప్పుడు, లోపల గాలి తగలని దొమ్మ క్రిములు చాలావరకు కొద్ది రోజులలోనే నశిస్తాయి. కత్తి పెట్టిన మరుక్షణం వాటికి గాలి అందుతుంది. నెత్తురు చిందిన నేల సంవత్సరాల తరబడి విషపూరితమై ఉంటుంది.

ఎన్ని సంవత్సరాలు? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం స్కాట్లాండ్ తీరాన గల గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెలపై దొమ్మ క్రిములను ప్రయోగించి చూసింది. 1986లో ఆ నేలను ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రజలంతో తడిపి శుద్ధి చేశారు. 1990లో గాని దీవి సురక్షితమని ప్రకటించలేదు. ఉత్తర సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పంలో రెయిన్‌డీర్లకు టీకాలు వేయడం 2007లో నిలిపివేశారు. 2016 వేసవిలో అసాధారణమైన ఎండలకు గడ్డకట్టిన నేల కరిగింది. రెండు వేలకు పైగా జంతువులు చనిపోయాయి. పన్నెండేళ్ల బాలుడొకడు మరణించాడు.

మనుష్యులకు ఈ వ్యాధి తోలు, ఉన్ని, రక్తం, మాంసాల ద్వారా సోకుతుంది. ఎక్కువగా కనిపించేది చర్మవ్యాధి రూపం. చేతిపైనో ముఖంపైనో చిన్న పొక్కు లేచి, పుండై, నడుమ బొగ్గు వలె నల్లబడుతుంది. ఆంత్రాక్స్ అన్న పేరు గ్రీకు భాషలోని 'బొగ్గు' అనే మాట నుండి వచ్చినదే. ఆ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు; అందుచేతనే అశ్రద్ధ చేస్తారు. సకాలంలో ఆసుపత్రికి వెళితే తగిన యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. సిద్ధబీజాలు ఊపిరితిత్తులలోనికి పోయినా, రోగగ్రస్త మాంసం తిన్నందువల్ల పేగులకు సోకినా ప్రమాదం చాలా ఎక్కువ. మామూలు వంట వాటిని తప్పక చంపుతుందని నమ్మడానికి వీలులేదు. విశాఖ మన్యంలోను, పొరుగున ఉన్న ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతంలోను, చచ్చిన పశువును కోసి పంచుకున్న కుటుంబాలలో ఈ నల్ల పుండ్లు పలుమార్లు బయటపడ్డాయి.

నివారణ కొత్తది కాదు. 1881లో ఫ్రాన్స్ దేశంలోని పుయీ-ల-ఫోర్ గ్రామంలో లూయీ పాశ్చర్ బహిరంగంగా పరీక్ష జరిపి, దొమ్మకు టీకా సాధ్యమని లోకానికి చూపాడు. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ రూపొందించిన టీకా విధానమే నేటికీ పశువులకు ఆధారం. దొమ్మ తగిలిన ఊళ్లలో ఏటా ఈ టీకా వేయించాలి.

ఇదంతా ఆ వృద్ధునికి నాకు చేతనైనంత తేలిక మాటలలో చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "కోయగూడదని మాకూ తెలుసు సామీ. గొర్రె పోతే పోయింది. తోలన్నా, కూరన్నా దక్కుతుందని కోస్తాం. పూడిస్తే అదీ మన్నేగదా" అన్నాడు.

ఆ మాటకు నా కరపత్రంలో సమాధానం లేదు. కత్తి పట్టేవాని అజ్ఞానాన్ని తొలగిస్తే చాలునని మనం అనుకుంటాం. ఆయనకు కొరవడినది జ్ఞానం కాదు, పోయిన గొర్రె ఖరీదు. చనిపోయిన పశువుకు తగిన పరిహారం సకాలంలో చేతికందే చోట ఈ నియమాన్ని ఎవరూ బలవంతంగా అమలు చేయనక్కరలేదు. అది లేనిచోట ఎన్ని కరపత్రాలు పంచినా, చీకటి పడిన తరువాత కళేబరంపై కత్తి పడుతూనే ఉంటుంది.

అయినప్పటికీ చెప్పవలసిన మాట చెప్పక తప్పదు. తిరిగి వచ్చి కరపత్రాన్ని ఇలా దిద్దాను: "ఉన్నట్టుండి చచ్చిన గొడ్డును కోయవద్దు, తోలు తీయవద్దు, ఈడ్చుకుపోవద్దు. అది దొమ్మ కావచ్చు. పశువుల డాక్టరుకు కబురు పెట్టండి. డాక్టరు చూసిన తరువాత, ఆయన చెప్పిన చోట కాల్చండి. లేదా ఆరడుగుల లోతున, నెత్తురు పడిన మట్టితో సహా పూడ్చండి."

ఆ పరిహారం సంగతి దిద్దడం మాత్రం అనువాదకుని చేతిలో లేదు.