నిశ్శబ్ద శరం – అంతఃపురుషుడు

కరీబియన్ సముద్రంలోని ఒక ద్వీపం. కాలం క్రీస్తు శకం 1715 ప్రాంతం. పొదల మాటున నక్కిన ఓడదొంగ ఒకడు సన్నని గొట్టాన్ని పెదవులకు ఆనించి ఊదుతాడు. కొంత దూరాన నిలిచిన కావలివాడు మెడ తడుముకొని నేలకు ఒరిగిపోతాడు. ప్రక్కనే ఉన్న సహచరునికి ఏ ధ్వనీ వినిపించదు. ఓడదొంగ ముందుకు సాగిపోతాడు.

ఇది పురాణ ఘట్టం కాదు. ‘అసాసిన్స్ క్రీడ్’ అనే వీడియో గేముల పరంపరలో 2013లో వెలువడిన ‘బ్లాక్ ఫ్లాగ్’లోని దృశ్యం. పేరులోని ‘క్రీడ్’ అనే మాట చెవికి మన ‘క్రీడ’ వలె వినిపించినా దాని అర్థం వేరు. అది ఒక రహస్య కూటమి పాటించే నియమావళికి పేరు. 2007లో మొదలైన ఈ పరంపరను ఉబిసాఫ్ట్ సంస్థకు చెందిన మాంట్రియల్ శాఖ ఆరంభించింది. పూర్వకాలపు నగరాలను, వేషభాషలను శ్రద్ధగా పునర్నిర్మించడంలో దానికి ప్రసిద్ధి ఉన్నది. ఆస్తిక గృహాలలోని యువకులు సైతం దీనిని ఇష్టంగా ఆడుతున్నారు. ఆడవద్దని శాసించడం సులభం. అందులో విచారం ఏమీ లేదు. ఆ ఊదుగొట్టంలోని శరం ఏమి నేర్పుతున్నదో పరిశీలించడం మేలు.

ఆ గొట్టంలో రెండు విధాల శరాలు ఇముడుతాయి. ఒకటి నిద్ర పుచ్చేది. రెండవది ఉన్మాదం కలిగించేది. అది తగిలినవాడు స్వపక్షాన్నే శత్రువులనుకొని కత్తి దూస్తాడు. 2015లో వచ్చిన ‘సిండికేట్’లో, 1868 నాటి లండన్ నగరంలో, ఈ రెండవ శరానికి మరొక రూపం కనిపిస్తుంది. చిత్తభ్రమ కలిగించే ఆ శరాన్ని మండుతున్న కుంపటిలోనికి ప్రయోగిస్తే పొగ వ్యాపించి, చుట్టూ ఉన్న వారందరూ ఒకరిపై ఒకరు పడతారు. ప్రయోగించినవాడు మాత్రం దూరాన నిలిచి చూస్తుంటాడు.

దీనిని సమర్థించే యువకులు చెప్పే మాట ఒకటే: “ఇందులో హింస తక్కువ. నిద్రపోయినవాడు మళ్ళీ లేస్తాడు. నేను ఎవరినీ చంపలేదు.”

నిద్రాశరం విషయంలో ఈ వాదాన్ని కొంత అంగీకరించవలసినదే. తిక్కన విరాటపర్వం చదివినవారికి ఉత్తర గోగ్రహణం కొత్త కాదు. అర్జునుడు సమ్మోహనాస్త్రంతో కౌరవసేనను మూర్ఛిల్లజేసి, వారి పై వస్త్రాలను మాత్రం ఉత్తరుని చేత తెప్పించాడు; ప్రాణాలు తీయలేదు. ఆ అస్త్రానికి ప్రతిక్రియ తెలిసిన భీష్ముడు ఒక్కడే స్పృహతో ఉన్నాడు. మూర్ఛ తేరిన దుర్యోధనుడు అర్జునుణ్ణి విడిచిపెట్టవద్దని తొందరపడినప్పుడు, పడి ఉన్న మిమ్ము చంపకుండా విడిచిన ధర్మం అతనిదేనని ఆ వృద్ధుడే చెప్పవలసి వచ్చింది. నిద్రలో ఉన్నవానిని చంపరాదన్న మనుస్మృతి నియమానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ లేదు. ఆటలోనూ నిద్రపోయిన కావలివానిని అలాగే విడిచిపెట్టి పోవచ్చు. ఆ మేరకు అది గౌరవించదగినదే.

అయితే ఆ నిద్ర కల్పితం. ఊదుగొట్టంతో వేటాడే దక్షిణ అమెరికా అరణ్యవాసులు శరాగ్రానికి పూసే విషం క్యురారే. అది నిద్ర కలిగించదు. కండరాలను కదలకుండా చేస్తుంది. చివరకు శ్వాస ఆడించే కండరాలు కూడా నిలిచిపోతాయి. 1814లో చార్లెస్ వాటర్టన్ అనే ఆంగ్లేయుడు ఈ విషం ఎక్కించిన గాడిదను, కొలిమితిత్తుల వంటి సాధనంతో ఊపిరితిత్తులలోనికి గాలి ఊదించి బ్రతికించాడు. విషం ఇంకిపోయాక అది లేచి నిలిచి ఆ తరువాత ఏళ్ళ తరబడి జీవించింది. 1942లో హెరాల్డ్ గ్రిఫిత్ అనే వైద్యుడు ఇదే ద్రవ్యాన్ని శస్త్రచికిత్సలో కండరాల సడలింపుకు వినియోగించాడు. అది జరిగినది కూడా మాంట్రియల్ నగరంలోనే కావడం ఒక వింత. మరొక వైద్యుడు తన శరీరం పైననే దీనిని పరీక్షించుకొని, కృత్రిమ శ్వాసపై కదలిక లేక పడి ఉన్నంతసేపూ తనకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయని 1947లో ప్రకటించాడు.

వేదాంత విద్యార్థి ఇక్కడ ఒక క్షణం ఆగాలి. సుషుప్తిలో శరీరమూ మనస్సూ లీనమైనా సాక్షి లోపించడని మాండూక్య వివరణలు బోధిస్తాయి. ఇక్కడ స్థితి మరింత దారుణం. శరీరం శవం వలె పడి ఉన్నది. లోపల మనస్సు కూడా మేలుకొనే ఉన్నది. ఆటలో హాయిగా గురక పెట్టే కావలివాడు, నిజంగా అటువంటి విషశరం తగిలిన ప్రాణికి ప్రతిబింబం కాడు.

ఇక ఉన్మాదశరం. నిద్రాశరానికి చేసిన సమర్థన దీనికి చెల్లదు. విచిత్రమేమంటే, ఆటగానికి అపరాధభావం అతి తక్కువగా కలిగేది దీని వలననే. తన కత్తి ఒర నుండి వెలువడలేదు. చంపినవాడు ఒక కావలివాడు, చచ్చినవాడు మరొక కావలివాడు. పతంజలి యోగసూత్రాలు సాధనపాదంలో హింసను మూడుగా విభజించాయి: తాను చేసినది, ఇతరులచే చేయించినది, ఆమోదించినది. లోభ క్రోధ మోహాలతోను, మృదు మధ్య అధిమాత్ర భేదాలతోను కలిపి వ్యాసభాష్యం వీటిని 27 రకాలుగా లెక్కించింది. ఇంత సూక్ష్మంగా లెక్కించినవారు చేయించినవానికి ఎక్కడా మినహాయింపు ఇవ్వలేదు. ఉన్మాదశరం కేవలం ‘కారిత’ హింస. ఆ పొగను దూరం నుండి చూసి ఆనందించడం ‘అనుమోదితం’. నిద్రాశరం కంటె ఇది నీచమైన ఆయుధమని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

శ్రీరాముడు సైతం ఇటువంటి అస్త్రం ప్రయోగించలేదా అని రామాయణం తెలిసినవారు ప్రశ్నిస్తారు. న్యాయమైన ప్రశ్న. యుద్ధకాండలో రావణుని మూలబలం మీదికి వచ్చినప్పుడు స్వామి గాంధర్వాస్త్రం సంధించాడు. మోహితులైన రాక్షసులకు ఎటు చూసినా రాముడే కనిపించాడు. తమవారిలో రాముని పోలిక చూసి ఒకరినొకరు చంపుకున్నారు. కాని ఆయన పొదలో లేడు. రణభూమి నడుమ, తన పేరు తెలిసిన శత్రువుల ఎదుట నిలిచి ఉన్నాడు. యుద్ధం ముగియగానే, ఈ అస్త్రబలం తనకు, త్ర్యంబకునికి మాత్రమే కలదని సుగ్రీవ విభీషణాదుల సమక్షంలో స్వయంగా వెల్లడించాడు. చెట్టు చాటు నుండి వాలిని కొట్టిన సందర్భంలోనూ, నేలకొరిగిన వాలి చేసిన నిందనంతా నిలబడి విన్నాడు, సమాధానం చెప్పాడు. ఆ సమాధానంపై వ్యాఖ్యాతలు నేటికీ తర్కిస్తూనే ఉన్నారు, తర్కించనీ. ప్రశ్నించినవాని ముఖం చూసి బదులు చెప్పడం అక్కడ జరిగింది.

ఈ ఆటలో బదులు చెప్పే అవసరం రాదు. కావలివాని తలపై ఒక చిహ్నం వెలుగుతుంది. పసుపైతే అనుమానం, ఎరుపైతే పోరు. ఏ చిహ్నమూ వెలగకుండా పని ముగిస్తే అదే నైపుణ్యం. నిరపరాధులను చంపరాదన్న నియమం ఆ కూటమికి ఉన్నదని, అటువంటివారిని చంపుతూ పోతే ఆట ఆగిపోతుందని ఒప్పుకోవాలి. కాని కావలివాడు నిరపరాధుల లెక్కలోనికి రాడు. అతడు జీతానికి నిలబడినవాడు కావచ్చు, ఇంటి వద్ద అతనికి ఎదురుచూచేవారు ఉండవచ్చు. చెడ్డ యజమాని ద్వారం వద్ద నిలిచినందుకే అతని ప్రాణం లెక్కకు రాకుండా పోయింది. అతని విషయంలో దోషమంటే కనబడటమే. మనువు ఎనిమిదవ అధ్యాయంలో సరిగ్గా ఈ భ్రమనే పట్టుకున్నాడు: పాపం చేసేవారు తమను ఎవరూ చూడలేదనుకుంటారు, దేవతలు చూస్తున్నారు, వారిలోని అంతఃపురుషుడూ చూస్తున్నాడు అని. ఏడవ అధ్యాయంలో గూఢాయుధాలను, విషదిగ్ధ శరాలను నిషేధించినవాడూ ఆయనే. ఆ రెండు మాటలూ ఒకే స్మృతిలో ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఆటను మాన్పించడం కంటె, ఆ యువకునికి అయోధ్యాకాండలోని ఒక రాత్రిని చదివి వినిపించడం పెద్దలకు మేలు. దశరథుడు శబ్దవేధి, ధ్వనిని బట్టి, చూడకనే కొట్టగలడు. వర్షాకాలపు చీకటిలో, సరయూ తీరాన, కుండ నిండుతున్న చప్పుడును ఏనుగు ధ్వని అనుకొని బాణం వేశాడు. తగిలినది ఒక మునికుమారునికి. వాల్మీకి ఆ బాలునికి పేరు పెట్టలేదు, శ్రవణుడన్నది లోకప్రసిద్ధి. అక్కడ ఏ సాక్షీ లేడు. రాజు రథాన్ని మళ్ళించి అయోధ్యకు పోయి ఉంటే అడిగేవారు లేరు. అతడు ఆ కుండను నీటితో నింపుకొని, బాలుడు చూపిన దారిన ఆశ్రమానికి నడిచాడు. కళ్ళు లేని తండ్రి అడుగుల చప్పుడు విని కొడుకే అనుకున్నాడు, ఇంత ఆలస్యం ఎందుకయిందని అడిగాడు. రాజు తడబడుతూ, తాను మీ కుమారుడను కానని, దశరథుడనని, జరిగినది ఇదని చెప్పాడు. నీ అంతట నీవే వచ్చి చెప్పి ఉండకపోతే నీ తల నూరువేల వ్రక్కలై ఉండేదని ఆ ముని అన్నాడు. ఆ తరువాత, తమను కొడుకు వద్దకు తీసుకొనిపొమ్మని అడిగాడు.