స్కోరు చెప్పకపోవడం లోపమా?



అసానో అత్సుకో ‘బ్యాటరీ’ బేస్‌బాల్ నవలలపై మీ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చివరి మ్యాచ్‌లో ఎవరు గెలిచారో తేల్చకుండా రచయిత్రి చేతులెత్తేశారన్న మాట నాకు మింగుడుపడలేదు.

1996 నుంచి 2005 దాకా ఆరు సంపుటాలు రాసిన మనిషికి స్కోరు రాయడం చేతకాక కాదు. ఇది హరాదా తకుమి అనే పిల్లవాడి పొగరు కథ. జపాన్‌లోని ఒకయామా కొండల నడుమ ఊరికి వచ్చిన ఆ కుర్రాడు, బడిలో జుట్టు కత్తిరించుకోమంటే ససేమిరా అంటాడు. బంతి విసరడానికీ జుట్టుకూ ఏం సంబంధమని అతని వాదన. అలాంటివాడు యోకోతే జట్టుతో ఆడేటప్పుడు, తన బంతిని క్యాచర్ గో అందుకోలేడేమోనని వేగం తగ్గిస్తాడు. గోను కుంగదీసింది ఓటమి కాదు, ఆ జాలి. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పెరిగిన ఎడం, గో తనలో తాను పడే నలుగుబాటు... నాకైతే నవలలకు అదే గుండెకాయ. దాని ముందు స్కోరెంత?

2007లో తకితా యోజిరో తీసిన సినిమా మంచిదే. కానీ తల్లి వైపూ, జబ్బుతో ఉండే తమ్ముడు సేహా వైపూ మొగ్గడంతో గో మౌనానికి చోటు చాలలేదు. 2016 నాటి పదకొండు భాగాల యానిమే ఆ మౌనాన్ని ఓపిగ్గా చూపింది. మీ వ్యాసకర్త సాగదీత అన్నది దాన్నే! 2008 నాటి ఎన్‌హెచ్‌కే టీవీ ధారావాహిక ఊసే ఆ వ్యాసంలో లేదు. వచ్చే సంచికలోనైనా దాని గురించి రాయించండి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ