మన యింటి పనిముట్లు: వంగిన పడవరెక్క

ఈ శీర్షికయందు ఇంతవరకు కుట్టుయంత్రమును, నీళ్లపంపును, ఇస్త్రీపెట్టెను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వచ్చిన యుత్తర మొకటి మనలను ఇల్లు దాటించి సముద్రముమీదికి గొనిపోవుచున్నది. స్కాట్లండు పశ్చిమతీరమున నివసించు తెలుగు సోదరి యొకతె దానిని వ్రాసినది. ఆమె యితరులు వాడి విడిచిన ప్లాస్టిక్కు కయాకు నొకదానిని కొనెనట. చలికాలమంతయు అది కొట్టములో, తోకవైపు రెక్క క్రిందికి దిగియుండగానే, నేలమీద పడియుండెను. వసంతమున తీసిచూడగా రెక్క యెడమప్రక్కకు వంగి, తన గూటిలోనికి పోకున్నది. క్రొత్తరెక్క వచ్చుటకు నెలదినములు పట్టునట. ఈలోపల ఆమెయు, పదునెనిమిదేండ్ల కుమార్తెయు, మఱి నలుగురును కలసి దగ్గఱనున్న దీవికి పోవ నేర్పాటు చేసికొనిరి. “దీనిని ఇంటియందే సరిచేయవచ్చునా? చేసినను, దానిని నమ్మి నీటిమీదికి పోవచ్చునా?” యని ప్రశ్న. ఇందు రెండవదే ముఖ్యమైనది.

కయాకు నెఱుగని సోదరీమణులకొఱకు రెండు మాటలు. ఇది పదునాఱు, పదునెనిమిది యడుగుల పొడవుండి, మనిషి కూర్చుండు చోట సైతము రెండడుగుల వెడల్పు నిండని యిఱుకు పడవ. పైకప్పునందలి గుండ్రని సందులో కాళ్లు చాపుకొని కూర్చుండి, రెండు కొనలను ఆకులుగల తెడ్డుతో త్రోయవలెను. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు సీలుజంతువుల వేటకై దీనిని కల్పించుకొనిరి. కొయ్యచట్రము కట్టుట పురుషుల పని. చర్మములను దానిపై బిగించి కుట్టుట స్త్రీల పని. నరములతో చేసిన దారముతో, సూది చర్మమున కావలికి పొడుచుకొని పోకుండ మందములో సగమువఱకే నడిపి, నీరు చొరని కుట్టు వేయుదురు. ఆ కుట్టు విడిపోయిన వేటకాడు ఇంటికి రాడు. కాబట్టి పడవను చక్కబెట్టుట ఆడువారి కేల యని యెవరైన ఈ సోదరిని ఎగతాళి చేసిన, ఈ సంగతి చెప్పవచ్చును. 1959లో గ్లాస్గో విద్యార్థియైన కెన్నెత్ టెయిలర్ గ్రీన్లండునందలి ఇల్లోర్‌సూట్ గ్రామమునకు పోయి, అచట తనకై చేయించుకొన్న కయాకును స్కాట్లండునకు తెచ్చెను. నేటి బ్రిటిషు సముద్రపు కయాకులలో పెక్కింటి రూపము దాని వంశమునుండి వచ్చినదే.

ఇక రెక్క సంగతి. దీనిని వారు స్కెగ్గు అందురు. చుక్కానివలె ఇటునటు తిరుగునది కాదు. అడుగున సన్నని గూటిలో దాగియుండి, కూర్చున్నవారి తుంటిప్రక్కనున్న మీటను జరిపినపుడు తీగెవలన క్రిందికి దిగును, పైకి లేచును. దీని ప్రయోజనము ప్రక్కగాలి వీచునపుడు తెలియును. పడవ సాగుచుండగా ముక్కు కలతలేని నీటిని చీల్చుకొని పోవును. ఆ నీటి యొత్తిడి ముక్కును పట్టి యుంచును. తోకయొద్ద నీరు చెదరి వదులై యుండును. అందుచే గాలి తోకను సులభముగా త్రోయును, ముక్కును త్రోయజాలదు. పడవ గాలి కెదురుగా తిరిగిపోవును. రెక్కను కొంచెము దింపిన తోకకును నీటిలో పట్టు చిక్కి పడవ తిన్నగా పోవును. మొత్తము దింపిన, ముక్కే గాలివాలునకు తిరుగుట కారంభించును. ఎంత దింపవలెనన్నది గాలిని బట్టి యుండును. ఆ కొలత చేతికి అలవాటు కావలసినదే గాని పుస్తకమున దొరకదు. అమెరికాలో చుక్కానియే మేలనువారు ఎక్కువ, బ్రిటనులో రెక్కయే మేలనువారు ఎక్కువ. ఆ తగవు వారికే విడుతము.

వంగిన రెక్క రెండు విధముల కీడు చేయును. ఒకటి, దాని వెనుక యంచు ఎడమకు వంగిన పడవ ఎడమకే లాగును; ప్రతి తెడ్డునకును దానితో పెనగులాడుచు చేతులు అలసిపోవును. రెండవది, అది గూటిలో ఇఱుకుకొన్నచో, గాలి తీరమునుండి సముద్రమువైపునకు వీచు దినమున ఇంటివైపు ముక్కు త్రిప్పుట దుర్లభమగును. స్కాట్లండు సముద్రపు నీరు వేసవిలో సైతము 15 డిగ్రీల వేడి మించుట అరుదు. అట్టి నీటిలో పడినవారి చేతులు కొలది నిమిషములలోనే పట్టు తప్పును. కనుక ఇది అందమునకు చేయు మరమ్మతు కాదు.

మొదట తప్పు రెక్కయందా, గూటియందా చూడవలెను. కారుపైన పట్టెలతో గట్టిగా బిగించి ఎండలో తిప్పిన ప్లాస్టిక్కు పడవలకు గూటి గోడలే లోనికి వంగును. గూటిలో ఇసుక, గులకఱాళ్లు చిక్కుటయు కద్దు. ఒక సన్నని కఱ్ఱపలకను గూటిలో ఆ చివరనుండి ఈ చివరకు నడిపిచూడుడు. అది ధారాళముగా నడిచిన దోషము రెక్కదే.

తరువాత రెక్కను ఊడదీయవలెను. పడవను బోర్లించి రెండు పరుపుదిండ్లపై నుంచి, రెక్కను క్రిందికి దింపి, తీగెను పట్టియుంచు చిన్నమరను వదులుచేసిన చాలా రకములలో అది వెలికివచ్చును. విప్పుటకు ముందు ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసికొనుడు. తిరిగి బిగించునపుడు ఏది ముందో ఏది వెనుకో వెదుకుకొను పని యుండదు.

ఇప్పుడు ముఖ్యమైన పరీక్ష. రెక్కను మంచినీటి తొట్టెలో వేయుడు. తేలినచో అది పాలిథీనో, దాని దాయాదియో యగును, వేడికి లొంగును. మునిగినచో నైలానో, గాజునార కలిపినదో, లోహమో కావచ్చును. గాజునార రెక్కకు ఈ క్రింది చికిత్స పనికిరాదు. కారణము మన గాజులపెట్టెలోనే యున్నది. హైదరాబాదు లక్కగాజులు చేయుట చూచినవారు ఎఱుగుదురు: లక్క వేడికి మెత్తబడును, కోరినట్లు వంగును, చల్లాఱిన గట్టిపడును, మరల కాచిన మరల మెత్తబడును. 1933లో ఇంగ్లండునందలి విన్నింగ్టన్ ప్రయోగశాలలో కనుగొన్న పాలిథీను ఆ జాతిది. 1907లో బేక్‌లండు కనిపెట్టిన బేకలైటును, గాజునారను పట్టియుంచు జిగురును కాల్చిన కుండవంటివి. ఒకసారి గట్టిపడిన మఱి కరుగవు, బలవంతము చేసిన విఱుగును.

బరువు చాలకాలము మీదనుండుటచే పాలిథీను చలిలో సైతము మెల్లమెల్లగా లొంగును. అటకపలక బిందెల బరువునకు క్రుంగినట్లే. ఈ సోదరి రెక్కకు జరిగినది అదియే. లొంగినదానిని మరల నిలుపుటకు మరగు నీరు చాలును. పడవలకు వాడు గట్టిరకము పాలిథీను సుమారు 130 డిగ్రీలకు గాని కరుగదు. మరగు నీరు 100 డిగ్రీలు దాటదు. కనుక నీటిలో రెక్క మెత్తబడునే గాని పాడుకాదు. మంటమీద కాచుట, వేడిగాలి పిచికారీ పట్టుట అనువారి మాట వినకుడు. పైపొర కరిగి జాఱుసరికి లోపల ఇంకను గట్టిగానే యుండును. దిద్దబోయి రెక్కను చెఱుపుకొనుట యగును.

వంటకు వాడని వెడల్పైన గిన్నెలో అడుగున పాతగుడ్డ పఱచి, నీరు మరిగించి, ఇసుకయు ఉప్పును పోవునట్లు కడిగిన రెక్కను అందు మునుగునట్లు ఐదాఱు నిమిషములుంచుడు. గుడ్డ లేకున్న అడుగులోహము తగిలి మచ్చపడును. గిన్నె చాలకున్న పళ్లెములో పెట్టి కెటిలునీరు మాటిమాటికి పోయవచ్చును. తీయునపుడు పట్టుకారు, మందపు చేతితొడుగులు కావలెను. తీసినవెంటనే, ఆలస్యము చేయక, చదునైన రెండు కొయ్యపలకల నడుమ పెట్టి బరువు మోపుడు. విదేశమునకు పొత్రము మోసికొనిపోయిన యిల్లాండ్రు ఉన్నారు. అట్టివారికి బరువునకు కొదువలేదు. తక్కినవారు బిగింపుమరలు వాడుకొనవచ్చును. పూర్తిగా చల్లాఱువఱకు, అనగా రెండు మూడు గంటలు, తాకరాదు. తొందరపడి తీసినవారికి రెక్క తన పాతవంపును జ్ఞాపకము చేసికొని సగము వెనుకకు పోవును. అట్లయినచో రెండవమారు కాచి, వంపునకు ఎదురుదిక్కున సన్నని అట్టముక్క యొకటి ఎత్తుపెట్టి, కొంచెము అధికముగానే వంచి నొక్కవలెను. సరియైనదో కాదో బిగువుగా లాగిన దారము రెక్కపై నుంచిన తెలియును.

వంగినచోట తెల్లని గీత కనబడిన అది ప్లాస్టిక్కు పడిన శ్రమకు గుర్తు. ఆ రెక్క మరల అచటనే సులభముగా వంగును. క్రొత్తది వచ్చువఱకు వాడి, తరువాత అదనపురెక్కగా దాచుకొనుడు. గీత కాక పగులే యున్నచో, సోదరీ, ఈ మరమ్మతు తలపెట్టకుడు. పాలిథీనునకు సామాన్యపు జిగురేదియు అంటదు. దీవి ప్రయాణమును వాయిదా వేయుడు. అమ్మాయి అలిగిన అలుగనిండు.

తిరిగి బిగించునపుడు తీగెను వ్రేళ్లతో తడవిచూడుడు. ఇఱుకుకొన్న రెక్కను మీటతో బలవంతముగా దింపబోయినవారి పడవలలో తీగె మడతపడి యుండును. మడతపడిన తీగెను తిన్నగా చేసినను నిలువదు, మార్చవలసినదే. గూటిలో నూనెగాని కొవ్వుగాని పూయకుడు. ఇసుక దానికంటి రుబ్బుడుఱాయివలె అరగదీయును. ప్రతి ప్రయాణానంతరము మంచినీటితో కడుగుట చాలును.

ఇక నమ్మవచ్చునా యన్న ప్రశ్న. దీనికి నా మాట కాదు, నీటి మాట వినవలెను. గాలిలేని దినమున, నడుములోతు నీటిలో, ఒడ్డున ఒకరు కనిపెట్టియుండగా, రెక్కను దింపి ఇరువది తెడ్లు వేసి చూడుడు. వెనుదిరిగి మరల ఇరువది వేయుడు. పోవునపుడు ఎడమకు, వచ్చునపుడు కుడికి జరిగిన అది గాలియో ప్రవాహమో. రెండుమార్లును ఎడమకే లాగిన అది రెక్క. ఇంకొకసారి కాచి నొక్కవలసియుండును. తరువాత రెక్కను పది పదునైదు మార్లు దింపి లేపి చూడుడు. ఒక్కమారైన పట్టుకొన్న ఆ పడవతో దీవికి పోరాదు.

ఇది యంతయు సరిపడినను ఒక చిన్నపని మిగిలియున్నది. రెక్క దిగువకొన దగ్గఱ సన్నని రంధ్రము చేసి, జానెడు గట్టిదారమును ఉచ్చుగా కట్టుడు. నడిసముద్రమున గులకఱాయి చిక్కి రెక్క దిగకున్నప్పుడు, కూర్చున్నవారి చేయి తోకవఱకు అందదు; ప్రక్కపడవలోనివారు ఆ దారము లాగి దింపగలరు. దీవికి పోవుచున్న తక్కిన నలుగురికిని దానిని ముందుగనే చూపుడు. ఏ రంగు దారమైన నేమి గాని, నలుపు వలదు, నీటిలో కనబడదు.